ఉపన్యాసం వద్దని ఉపన్యాసం

ఆ హాల్లో కుర్చీలు కదలవు. నేలలోకి బోల్టులు దింపి బిగించేశారు. సినిమా హాల్లోలాగా వరసకు వరస స్టేజీ వైపే చూస్తూ ఉంటాయి. రోజూ పొద్దున అక్కడ కూర్చున్న టీచర్లకు నేను మైకు పట్టుకుని చెప్పే మొదటి మాట, "ఇప్పుడందరం చిన్న చిన్న గుంపులుగా కూర్చుందామండి." వాళ్ళు లేస్తారు. అటూ ఇటూ చూస్తారు. కొందరు కుర్చీలో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చోబోయి, నడుం పట్టేసి, మళ్ళీ ముందుకు తిరుగుతారు. "పర్లేదండి, గుంపుగా కూర్చున్నామని అనుకోండి" అంటాను. అప్పుడు తెర మీద మొదటి బొమ్మ పడుతుంది. టీచరు తక్కువ మాట్లాడాలి, పిల్లలు ఎక్కువ మాట్లాడాలి అని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ ఒక్క ముక్క గురించి సాయంత్రం దాకా నేనే మాట్లాడతాను.

మధ్యాహ్నం భోజనాల తర్వాత సగం మంది కునుకు తీస్తారు. నాకు వాళ్ళ మీద కోపం రాదు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో తెల్లవారకముందే బస్సెక్కి వస్తారు. గచ్చిబౌలిలో దిగి, ఒకదానిలాగే ఇంకొకటి ఉండే ఆ అద్దాల మేడల్లో మా మేడ ఏదో తెలీక ఎండలో తిరుగుతారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఫోను కెమెరాల మీద స్టిక్కర్లు అంటించి, టిఫిన్ డబ్బా కూడా మిషన్‌లో పెట్టి పంపిస్తారు. అంత ప్రయాస పడి వచ్చిన మనిషికి ఏసీలో మెత్తటి కుర్చీ దొరికితే నిద్ర రాక ఏమవుతుంది? నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి గాని, కూర్చుంటే నేనూ నిద్రపోయేదాన్నే.

నేను సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్ని. మావాళ్ళది గోదావరి వైపు. నాన్నగారి ఫ్యాక్టరీ ఉద్యోగం వల్ల నేను లింగంపల్లిలోనే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగం తెచ్చుకున్నాను. కాపురం నల్లగండ్లలో. మా ఆయన సాఫ్ట్‌వేర్. ఇన్నేళ్ళూ పొద్దున అపార్ట్‌మెంట్ గేటు దాటగానే ఆయన కారు ఒకవైపు తిరిగేది, నా ఆటో ఇంకోవైపు, లింగంపల్లి స్టేషన్‌కు. అక్కణ్ణుంచి వికారాబాద్ వైపు పోయే ప్యాసింజర్. అందులో ఒక బోగీ మొత్తం మా టీచర్లదే అన్నట్టు ఉండేది. పేపర్లు దిద్దేవాళ్ళు, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేవాళ్ళు, కిటికీకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళు. బండి దిగి షేర్ ఆటోలో ఇరుక్కుంటే ఊళ్ళో బడి. ఇప్పుడు ఆయన కారులోనే ఆయనతోపాటు గచ్చిబౌలి వెళ్తున్నాను. నా అంత అదృష్టవంతురాలు లేదని మా బంధువులంతా అంటారు.

ఈ అదృష్టానికి మూలం ఫిన్లాండ్ ప్రయాణం. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు విద్యాశాఖతో కలిసి, పల్లెటూరి హైస్కూళ్ళ టీచర్లను కొందరిని అక్కడికి శిక్షణకు పంపుతామన్నారు. పిల్లలు తమంతట తాము చేసి, అడిగి, మాట్లాడి నేర్చుకునే పద్ధతిని చూసి వచ్చి మన పల్లెల్లో పెట్టాలని వాళ్ళ ఉద్దేశం. మా హెడ్మాస్టరు గారు నా పేరు పంపారు. నేను గొప్పగా చెబుతాననేం కాదు. మా స్టాఫులో పాస్‌పోర్టు ఉన్నది నాకొక్కదానికే. మా ఆయన ఆఫీసు వాళ్ళు ఎప్పుడో ఎక్కడికో పంపిస్తామని ఊరిస్తే తీసుకున్న పాస్‌పోర్టు అది. ఒక్క ముద్ర కూడా పడకుండా బీరువాలో ఉంది.

అక్కడ మొదటి రోజే పరువు తీసుకున్నాం. మాకిచ్చిన హాస్టల్ వంటింట్లో పప్పు చేసి, ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టాం. ఆ ఘాటుకు ఫైర్ అలారం మోగి, బిల్డింగు మొత్తం ఖాళీ చేసి మంచులో నిలబడ్డారు. చెప్పులు వేసుకోవడానికి కూడా టైము లేక మాతో వచ్చిన వేరే బడి తెలుగు పండితుడు ఒంటికాలి మీద నిలబడి, ఆ కాలు మార్చి ఈ కాలు, ఈ కాలు మార్చి ఆ కాలు. ఫైరింజను వచ్చింది. వచ్చినవాళ్ళు మూకుడు చూసి, మా మొహాలు చూసి, వాసన బాగుందని చెప్పి వెళ్ళారు.

అక్కడి బళ్ళలో బీరువాల నిండా సామాను చూసి మావాళ్ళంతా ఫోటోలు తీసుకున్నారు. నా మనసుకు పట్టింది సామాను కాదు. ఒక నడివయసు టీచరమ్మ పిల్లలను ప్రశ్న అడిగి ఊరుకుంది. నిజంగా ఊరుకుంది. చేతులు కట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. క్లాసులో చప్పుడు లేదు. నాకు కంగారుగా ఉంది, లేచి నేనే జవాబు చెప్పేద్దామా అన్నంత. ఆవిడకు ఏ కంగారూ లేదు. చాలాసేపటికి ఒక పిల్లవాడు ఏదో తప్పు జవాబు చెప్పాడు. దాన్ని ఇంకొక పిల్ల సరిచేయబోయింది. ఇంకొకడు కాదన్నాడు. ఇక ఆ పీరియడ్ అయ్యేదాకా ఆవిడ నోరు తెరిచింది తక్కువ.

మన దగ్గర అలా కాదు. మనం ప్రశ్న అడగం, మాటను సగంలో ఆపుతాం. "విద్యుత్ ప్రవాహాన్ని కొలిచేది అమ్మీ..." అంటే క్లాసు మొత్తం "...టర్!" అని అరుస్తుంది. "భూమి సూర్యుని చుట్టూ తిరు..." అంటే "...గుతుంది!" నేను చదువుకున్నదీ అలాగే, చెప్పిందీ అలాగే. ఆ అరుపు వింటే టీచరుకు కడుపు నిండుతుంది. అందరికీ వచ్చేసిందనిపిస్తుంది. నిజానికి ఆ చివరి అక్షరాలు తప్ప వాళ్ళకేం వచ్చిందో మనకు తెలీదు, వాళ్ళకూ తెలీదు.

తిరిగొచ్చాక పదో తరగతిలో నా మొదటి ప్రయత్నం తుస్సుమంది. ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు, ఒకే ఒక్క తీగ ఇచ్చి, "ఈ బల్బును ఎలా వెలిగిస్తారు?" అని అడిగి ఊరుకున్నాను. ఓం నియమం గడగడా అప్పజెప్పే పిల్లలు బిక్కమొహాలు వేశారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎవరూ నోరు విప్పరు. చివరికి ముందు బెంచీలోంచి ఒక గొంతు, "మేడం, మా మీద కోపమొచ్చిందా?" అని అడిగింది. టీచరు మాట్లాడకుండా నిలబడిందంటే తిట్టబోతోందని, లేదా కొట్టబోతోందని వాళ్ళకు తెలిసిన అర్థం. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

వారాలు పట్టింది. మెల్లగా మాట్లాడారు. ముందు తప్పులు మాట్లాడారు, తర్వాత పోట్లాడుకున్నారు. మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది. పేరు పిలిస్తే తప్ప లేచేది కాదు, లేచినా వేలి గోళ్ళు చూసుకుంటూ నిలబడేది. ఒకరోజు ఆ పిల్లే బల్బు అడుగును బ్యాటరీ మొన మీద ఆనించి, తీగను బ్యాటరీ అడుగునుంచి పైకి వంచి బల్బు పక్కకు తాకించి పట్టుకుంది. బల్బు వెలిగింది. క్లాసంతా గోల. ఆ రోజునుంచి ఆ పిల్లకు నోరొచ్చింది. అడ్డం వస్తుందని మిగతావాళ్ళు విసుక్కునేంత నోరు.

హెడ్మాస్టరు గారు వరండాలోకి పిలిచారు. "మేడం, మీ క్లాసుల గీ గడబిడ ఏంది? పక్క క్లాసు సారు పరేషాన్ అయితున్నడు."

"పిల్లలు పాఠం గురించే మాట్లాడుకుంటున్నారండి."

"మాట్లాడుకోనియ్యండ్రి. జర మెల్లగ మాట్లాడుకోమని చెప్పుండ్రి, గంతే."

చెడ్డ మనిషి కాదు. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే మంచి టీచరని నమ్మిన తరం. నమ్మకాలు మార్చుకునే ఓపిక లేదు. మార్చుకోమని చెప్పే ఓపిక నాకూ లేదు.

అంతా దారిలో పడిందనుకుంటుండగా, దసరా సెలవులు అయిపోగానే ఆర్డరు వచ్చింది. మా బడిలో పద్ధతి బాగా పట్టుబడిందని ఎవరో చూసి రాశారట. అందుచేత నన్ను ఆ బడినుంచి తీసేసి, మిగతా టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి గచ్చిబౌలిలో ఆ కంపెనీ వాళ్ళ హాలుకు డిప్యుటేషన్ మీద వేశారు. బాగా వండుతోందని వంటమనిషిని పొయ్యి దగ్గరనుంచి లేపి, వంట గురించి చెప్పమని మైకు ఇచ్చినట్టు. కొద్ది రోజులే అన్నారు. నమ్మాను. మా బడిలో ఫిజికల్ సైన్స్‌కు ఇంకెవరూ లేరు. బయాలజీ సారు చెబుతాడులే అన్నారు. ఆయన తన పాఠాలే పూర్తి కాక సతమతమవుతున్నాడు.

రోజులు గడిచాయి. ఒక బ్యాచ్ అయితే ఇంకొక బ్యాచ్. నా గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగుతూ, ఊరుకోవడం ఎంత గొప్పదో మైకులో చెబుతూ ఉన్నాను.

ఒకరోజు టీ విరామంలో కారిడార్లో నిలబడి ఉంటే, ఆ అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే ఆమె మాప్ గోడకు ఆనించి దగ్గరికొచ్చింది. యూనిఫాం కోటు వేసుకుంది, మెడలో కార్డు ఉంది. "మేడం, మీరు మా ఊరి బళ్ళె సైన్స్ మేడమే కద?"

ఆ మూడో బెంచీ పిల్ల వాళ్ళమ్మ. ఇన్నేళ్ళూ పొద్దున నేను ఆ ఊరికి వెళ్తుంటే ఆమె ఆ ఊరినుంచి లింగంపల్లి వచ్చే బండిలో ఎదురొచ్చేదన్నమాట.

"మంచిగైంది మేడం, పెద్ద పోస్టుకు వచ్చిండ్రు. ఆ దుమ్ముల ఏముంది, ఈడ ఏసీల మంచిగుంటది" అని సంతోషించింది. తర్వాత గొంతు తగ్గించి, "గని మా పిల్లకు ఫికర్ పట్టుకున్నది. సైన్సు చెప్పేటోళ్ళు లేరంట. మార్చిల పెద్ద పరీక్షలాయె. మీరొస్తరా, అడుగమ్మా అని ఒక్కటే పోరు" అంది.

"వస్తానని చెప్పమ్మా."

"ఎప్పుడని చెప్పాలె?"

"తొందర్లోనే."

తర్వాత కనపడ్డప్పుడల్లా అడిగేది, ఎప్పుడని. నేను తొందర్లోనే అనేదాన్ని. సంక్రాంతి సెలవుల తర్వాత అడగడం మానేసింది. నమస్తే మేడం అని తన పని తను చేసుకుపోయేది. అడిగినప్పటికంటే అప్పుడు ఎక్కువ కష్టంగా ఉండేది.

విద్యాశాఖ తరఫున ఈ శిక్షణలు చూసే మా ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళి, నన్ను బడికి పంపమని, పదో తరగతి పిల్లలు అన్యాయమైపోతారని చెప్పాను. ఆయన మర్యాదస్తుడు, కూర్చోబెట్టి టీ తెప్పించి మరీ కాదంటాడు. "ఈ బ్యాచ్ కానివ్వండమ్మా. చూడండి, మీరు వెళ్తే ఒక్క క్లాసు బాగుపడుతుంది. ఇక్కడుంటే వంద బళ్ళు బాగుపడతాయి." ఆ లెక్క తప్పని నేను అనలేను. కాని ఆ వంద బళ్ళల్లో నా బడి లేదు.

అలాంటి రోజుల్లో ఫిన్లాండ్ నుంచి ఇద్దరు అతిథులు వస్తున్నారని తెలిసింది. కంపెనీ వైపునుంచి ఈ కార్యక్రమాలన్నీ చూసే కోఆర్డినేటర్ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, వాళ్ళ ముందు ఒక లైవ్ క్లాస్ ఉంటే సూపర్ ఉంటుంది. మీ స్కూల్ పిల్లల్నే బస్సులో తెప్పిద్దాం. మీరే చెప్పాలి. స్క్రిప్ట్ ఒకటి ఇస్తారా, ఎవరు ఏం అడుగుతారో?"

"స్క్రిప్ట్ ఉండదమ్మా. ఏం అడుగుతారో వాళ్ళకే తెలీదు."

"రిస్క్ కదా మేడం?"

"రిస్కే."

ఆ వారమంతా నేను వేరే మనిషిని. ఇంట్లో కూనిరాగాలు తీస్తున్నానని మా ఆయన ఆశ్చర్యపోయాడు. ఒక్క గంటైతేనేం, నా క్లాసు నాకు దొరుకుతోంది. బ్యాటరీలు, తీగలు, చిన్న బల్బులు కొని సంచిలో సర్దుకున్నాను.

పిల్లలు వచ్చారు. ఇస్త్రీ చేసిన యూనిఫాంలు, నూనె రాసిన తలలు. లిఫ్టులో మొదటిసారి ఎక్కి ఒకళ్ళ చేయి ఒకళ్ళు పట్టుకుని దిగారు. కిటికీలోంచి పుప్పాలగూడ వైపు లేస్తున్న మేడలనూ, వాటి మీద క్రేన్లనూ నోళ్ళు తెరుచుకుని చూశారు. నన్ను చూడగానే గుంపుగా మీదికి రాబోయి, వెంట వచ్చిన బయాలజీ సారు కళ్ళెర్ర చేస్తే ఆగిపోయారు. వాళ్ళను స్టేజీ మీద బెంచీలు వేసి కూర్చోబెట్టారు. కింద కదలని కుర్చీల్లో మా టీచర్ల బ్యాచ్. ముందు వరసలో అతిథులు, ఆఫీసరు గారు.

నేను బల్బు చూపించి ప్రశ్న అడిగాను. ఊరుకున్నాను.

అడిగానో లేదో, చేతులన్నీ టపాటపా లేచాయి. ఒక్క చెయ్యి తక్కువ లేదు. కింద హాల్లో చప్పట్లు. నాకు మాత్రం ఎక్కడో తేడాగా అనిపించింది. నా పిల్లలు ఇలా చేతులెత్తేవాళ్ళు కాదు, నోటికి ఎంత వస్తే అంత అనేసేవాళ్ళు. మూడో బెంచీ పిల్ల కూడా చెయ్యెత్తి ఉంది. సంతోషంగా ఆ పిల్లను లేపాను. లేచి నిలబడి, నా వంక భయంగా చూసి, అంది.

"మేడం, నాది ఎడమచెయ్యి."

కింద టీచర్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. వాళ్ళకు అర్థమైంది. ఇన్‌స్పెక్షన్లు చూసిన ఏ టీచరుకైనా అర్థమవుతుంది. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. అందరూ ఎత్తినట్టు ఉంటుంది, టీచరు కుడిచేతుల వాళ్ళనే లేపుతుంది. మా పరువు పోకూడదని హెడ్మాస్టరు గారు మంచి మనసుతోనే ఈ రిహార్సల్ వేయించారు. నాకు చెప్పడం మరిచిపోయారు. నా ఎదురుగా ఎటు చూసినా ఎడమచేతులే. దసరాకు ముందు ఒక్క తీగతో బల్బు వెలిగించిన పిల్లది కూడా ఎడమచెయ్యే. నాకు స్టేజీ మీదే ఏడుపొచ్చినంత పనైంది.

"చేతులు దించండమ్మా" అన్నాను. "నేనేమీ అడగను. మీకేదైనా నన్ను అడగాలని ఉంటే అడగండి." అని చేతులు కట్టుకున్నాను.

హాల్లో నవ్వులు ఆగాయి. ఆఫీసరు గారు వాచీ చూసుకుంటున్నారు. కోఆర్డినేటర్ అమ్మాయి తెర పక్కనుంచి ఏదైనా మాట్లాడమని సైగలు చేస్తోంది. ఆ ఫిన్లాండ్ అతిథులిద్దరు మాత్రం హాయిగా కూర్చున్నారు, వాళ్ళకు ఇది అలవాటే. నేను కదల్లేదు. మూడో బెంచీ పిల్ల ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

"మేడం, మీరు మా బడికి మళ్ళ ఎప్పుడొస్తరు?" అని అడిగింది.

మైకు నా చేతిలో ఉంది. తొందర్లోనే అనే మాట నోటిదాకా వచ్చింది. అంతమంది ముందు అనలేకపోయాను. "నాకు తెలీదమ్మా" అన్నాను.

కోఆర్డినేటర్ అమ్మాయి ఆ ప్రశ్ననూ నా జవాబునూ నిజాయితీగానే అతిథులకు ఇంగ్లీషులో చెప్పింది. అతిథులిద్దరిలో పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇద్దరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళు లేచారని ఆఫీసరు గారు లేచారు, ఆయన లేచారని హాలు మొత్తం లేచింది. ఒక పల్లెటూరి పిల్ల ఇంతమంది ముందు ధైర్యంగా ప్రశ్న అడిగింది, ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి అని ఎవరో మైకులో అన్నారు. ప్రశ్న ఏమిటో ఎవరికీ పట్టలేదు.

భోజనాలయ్యాక పిల్లలను కిందికి పంపేశారు. బస్సు ఇంకా రాలేదు. నేనూ వాళ్ళ వెనకే దిగాను. పార్కింగ్‌లో నీడన కూర్చున్నారు. నన్ను చూడగానే ఈసారి నిజంగానే మీద పడ్డారు. ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. ఆ పిల్ల అందరినీ తోసుకుని వచ్చింది.

"మేడం, మా పక్కపొలంల బోరు మోటరు స్టార్టు జేస్తే మా ఇంట్ల బల్బు గుడ్డిగ అయితది. జరసేపటికి మళ్ళ మంచిగైతది. ఎందుకట్ల?"

"నువ్వేమనుకుంటున్నావ్?"

"కరెంటంత మోటరే తాగుతది" అని ఇంకొకడు అడ్డొచ్చాడు. "తాగుతె మరి మళ్ళ ఎట్లొచ్చె?" అని ఆ పిల్ల వాడి మీదికి లేచింది. సంచిలోంచి సుద్దముక్క తీశాను. పార్కింగ్ నేల మీద ట్రాన్స్‌ఫార్మరు గీశాను, అక్కణ్ణుంచి ఊరిదాకా పొడుగాటి తీగ గీశాను, మోటరు గీశాను, ఇల్లు గీశాను. తీగ కూడా ఎంతోకొంత అడ్డుకుంటుంది కదా, మోటరు స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగితే ఆ తీగలో ఏమవుతుంది, చెప్పండి అన్నాను. ఇక చూడాలి గోల. ఎడమచేతి వాళ్ళంతా మాట్లాడుతున్నారు. బయాలజీ సారు కూడా మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మ చూస్తున్నాడు. వాచ్‌మన్ వచ్చి, "మేడం, ఈడ కూసోవద్దు, సార్ల కార్లొస్తయ్" అన్నాడు. "కాసేపు బాబూ" అని బతిమాలాను. ఆ కాసేపూ నాకు అలసట తెలియలేదు. దసరా తర్వాత నేను ఉద్యోగం చేసింది ఆ కాసేపే.

బస్సు వచ్చింది. ఇంకా సగంలో ఉన్నాం. డ్రైవరు హారను మీద చెయ్యి తీయడం లేదు. పై హాలు నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరే ఎక్కారు. ఆ పిల్ల చివర్న ఎక్కుతూ, మెట్టు మీద ఆగి, "మిగిలిందో మేడం?" అంది.

"వచ్చి చెబుతా."

"మా అమ్మకు గూడ గట్లనే చెప్పిండ్రు" అని లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

పైకి వెళ్తే నాకు శాలువా కప్పారు. ఈరోజు మనం చూసిన అద్భుతం తర్వాత ఈ మేడం గారిని వదులుకునే ప్రశ్నే లేదని, వచ్చే ఏడాది కూడా ఇక్కడే కొనసాగిస్తున్నామని ఆఫీసరు గారు ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు. నేను దణ్ణం పెట్టాను. ఇంకేం చేస్తాను? శాలువా కింద చెమటలు పట్టాయి, అంతే.

మర్నాడు ఆయన గదికి వెళ్ళి, నాకు మిగిలి ఉన్న సెలవులన్నీ ఒకేసారి పెడుతూ కాగితం ఇచ్చాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఇన్ని సెలవులా? ఏమైనా ఫంక్షనా అమ్మా? ఊరికి వెళ్తున్నారా?"

"బడికండి."

"ఏ బడికి?"

"మా బడికే. పదో తరగతికి పాఠాలు చెప్పాలి."

ఆయన కాగితం బల్ల మీద పెట్టారు. "బడికి పోయి పాఠం చెప్పడానికి టీచరు సెలవు పెట్టడమేంటమ్మా?"

"అదే నేనూ మిమ్మల్ని అడుగుదామనుకున్నానండి."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన కూడా ఒకప్పుడు లెక్కల టీచరేనట. తల దించుకుని సంతకం పెట్టి, "ఎక్కడా చెప్పకండి" అన్నారు.

మళ్ళీ ప్యాసింజర్, మళ్ళీ షేర్ ఆటో. హెడ్మాస్టరు గారు నన్ను చూసి సంతోషించి, వెంటనే పరేషాన్‌లో పడ్డారు. హాజరు పట్టీలో నా పేరుకు ఎదురుగా డిప్యుటేషన్ అని ఉంది, సంతకం పెట్టనివ్వడానికి లేదు. చాలాసేపు ఆలోచించి, బడి చూడటానికి వచ్చే పెద్దమనుషుల కోసం ఉంచిన విజిటర్ల పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. "ఇండ్ల పెట్టుండ్రి మేడం. ఇగ ఏం జేస్తం." నా బడిలో నేను రోజూ చుట్టపుచూపుగా సంతకం పెట్టి క్లాసుకు వెళ్ళాను.

విద్యుత్తు పాఠం పూర్తయింది. బోరు మోటరు దగ్గరనుంచే మొదలుపెట్టాం. కాంతి పాఠం సగంలో ఉండగా నా సెలవులు అయిపోయాయి. ఇంకొన్ని రోజులు జీతం లేని సెలవు అడిగితే, ఇక కుదరదని ఆఫీసరు గారు ఫోన్లో చాలా మర్యాదగా చెప్పారు. అప్పటికే తర్వాతి బ్యాచ్ టీచర్లు హాల్లో కూర్చుని ఉన్నారట. మిగతా సగం మీరే గుంపులుగా కూర్చుని చదువుకోండని పిల్లలకు చెప్పి వచ్చేశాను. వాళ్ళు సరేనన్నారు. ఎప్పుడొస్తారని ఆ పిల్ల ఈసారి అడగలేదు.

సైన్స్ పరీక్ష జరిగిన రోజు నేను మైకు పట్టుకుని, గుంపుగా కూర్చున్నట్టు అనుకోండి అని చెబుతున్నాను. మర్నాడు పొద్దున కారిడార్లో వాళ్ళమ్మ కనిపించింది. అటు చివర్నుంచి తుడుచుకుంటూ నా వైపే వస్తోంది. పిల్ల ఎలా రాసిందమ్మా అని అడగాలి. కాంతి పాఠంలోంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో, చదువుకోకుండా మిగిలిపోయిన సగంలోంచి ఏమడిగారో అడగాలి. ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూడటం ఎలాగో దేశం దాటి వెళ్ళి నేర్చుకొచ్చినదాన్ని నేను. ఆమె తలెత్తి నన్ను చూసేలోగా పక్క తలుపు తోసుకుని హాల్లోకి వెళ్ళిపోయాను.